చైనా పాటల పెట్టె కొనే ముందు

మీ ఇంట్లో టీవీ కింద అరలోనో, మంచం కింద అట్టపెట్టెలోనో ఒక యాభై సీడీలు దుమ్ము పట్టి పడి ఉన్నాయా? పారేయడానికి మనసొప్పక, విందామంటే యంత్రం లేక ఊరుకుంటున్నారా? అయితే ఈ నాలుగు మాటలూ మీ కోసమే. "ఇప్పుడు సీడీలెవరు వింటారమ్మా, అన్నీ ఫోన్లోనే వస్తుంటే" అని నవ్వే పిల్లల్ని కాసేపు ఆడుకోమని పంపించండి. మనం మనం మాట్లాడుకుందాం.

నేనేమీ ఇంజనీరుని కాను. మావారి ఉద్యోగం పుణ్యమా అని 2013 నుంచి 2018 దాకా చైనాలోని షెన్‌జెన్‌లో కాపురం చేశాం. వంకాయలు, చిక్కుళ్ళు బేరమాడటానికి నేర్చుకున్న ఆ కాస్త చైనా భాషతోనే ఖరీదైన సీడీ ప్లేయర్ ఒకటి ఎంచి కొనవలసిన పని నా నెత్తిన పడింది. కొన్నది మా కోసం కాదు. మా అత్తయ్యగారి కోసం, అదీ ఆవిడ సొంత డబ్బుతో.

అత్తయ్యగారు ఉండేది కాకినాడలో. నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ దెబ్బతిన్నాయి. కుడి కంటికి వెలుగూ నీడా మాత్రం తెలుస్తాయి. పేపరు లేదు, టీవీ లేదు, పొద్దు గడవాలంటే పాటే. ఆవిడ దగ్గర మూడు వందల దాకా సీడీలున్నాయి. ఏది ఏదో తెలియడానికి డబ్బాల అంచులకు దారం ముడులు కట్టుకున్నారు. ఒక ముడి అయితే వీణ, రెండయితే ఘంటసాల, మూడయితే బాలమురళి, అలాగన్నమాట. పాత టూ-ఇన్-వన్ రెండు పాటలు పాడి మూడో పాటకు నత్తిపెట్టడం మొదలుపెట్టాక, 2016లో మావారికి ఫోన్ చేసి, "ఒరే, నా ఫ్యామిలీ పెన్షన్లో మిగిల్చినవి లక్షా ఇరవై వేలున్నాయి. మంచి పెట్టె కొనిపెట్టండి. నేనున్నన్నాళ్ళూ పాడాలి" అన్నారు. ఆ మాట విన్నాక మరి చవకది తెచ్చినా పాపమే, ఖరీదు పేరు చెప్పి డాబుసరిది తెచ్చినా పాపమే!

విషయం తెలియగానే మా ఆడపడుచు ఫోన్లోనే మూతి విరిచింది. "చైనా సరుకా వదినా! నాలుగు రోజులకి మూలపడుతుంది" అని. ఆవిడ తప్పు కాదు లెండి. మనకు తెలిసిన చైనా సరుకంటే దీపావళికి మినుకు మినుకుమనే లైట్లు, తీర్థంలో అమ్మే బొమ్మలు. కానీ ఈ పాటల యంత్రాల సంగతి వేరు. షాన్‌లింగ్ అనే కంపెనీ 1988లో మేమున్న షెన్‌జెన్‌లోనే పుట్టింది. కాయిన్ అనేది పక్కనున్న జుహాయ్ ఊరిది, 1993 నాటిది. అలాగే ఓపెరా కాన్సొనెన్స్ బీజింగ్‌ది. ఇక ఇంగ్లండు వాళ్ళ పాత పేర్లు క్వాడ్, వార్ఫ్‌డేల్, ఆడియోలాబ్ ఉన్నాయి చూశారూ, అవన్నీ ఇప్పుడు ఐ.ఎ.జి. అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. దాని ఫ్యాక్టరీలూ చైనాలోనే. కాబట్టి "నేను ఇంగ్లండుదే కొంటాను" అని పంతం పట్టినవాళ్ళు కూడా చాలాసార్లు చైనాలో బిగించిన పెట్టెనే ఇంటికి తెచ్చుకుంటున్నారు. చీర మీద అంటించిన ఊరి పేరుకీ, అది నేసిన ఊరికీ ఎంత సంబంధం ఉంటుందో మనకు తెలియనిదా!

లోపలి చిప్పుల మాట ఇంకా విచిత్రం. అంకెల్ని పాటగా మార్చే చిప్పు ఏ దేశపు పెట్టెలోనైనా నాలుగైదు కంపెనీలదే ఉంటుంది. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకలో ఎ.కె.ఎమ్. వాళ్ళ చిప్పుల ఫ్యాక్టరీ తగలబడితే, చైనావాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకేసారి వేరే కంపెనీ చిప్పుల కోసం పరుగులు పెట్టారు. అందరూ ఒకే కొట్లో కందిపప్పు కొని ఎవరి చారు వాళ్ళు కాచుకుంటున్నట్టు. తేడా అంతా కాచే చేతిలో ఉంది.

ఇంతకీ సీడీలో ఏముంటుందో ఓ ముక్క చెప్పుకుంటే ముందు ముందు చెప్పేవి తేలిగ్గా అర్థమవుతాయి. సోనీ, ఫిలిప్స్ కలిసి కనిపెట్టిన ఈ బిళ్ళ 1982లో మొదట జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. వెడల్పు 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. దాని మీద కంటికి కనిపించని గుంటలు జంతిక చుట్టు చుట్టినట్టు లోపలి నుంచి బయటికి ఒకే వరసలో ఉంటాయి. ఆ చుట్టు విప్పి పరిస్తే సుమారు 5 కిలోమీటర్లు వస్తుంది. లేజర్ వెలుగు ఆ వరస వెంట నడుస్తూ గుంట ఉందా, చదునుగా ఉందా అని చదువుతుంది. సెకనుకు 44,100 కొలతలు, అదీ కుడి చెవికీ ఎడమ చెవికీ విడివిడిగా. బిళ్ళ మొదట్లో నిమిషానికి సుమారు 500 సార్లు తిరుగుతూ, చివరికి వచ్చేసరికి 200కి తగ్గుతుంది. ఇంత పని చేసే కన్ను మన చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. సీడీ ప్లేయర్లలో ముందు అలిసిపోయేది ఆ కన్నే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

షెన్‌జెన్‌లో హువాచ్యాంగ్‌పేయ్ అని ఒక బజారుంది. ఎలక్ట్రానిక్స్‌కి మన బేగం బజారు అనుకోండి, అంతకు వందరెట్లు. 2021 మే నెలలో డెబ్భై పైచిలుకు అంతస్తుల మేడ ఊగితే జనం రోడ్డు మీద పరుగెత్తారని వార్తల్లో చూసే ఉంటారు. సెగ్ ప్లాజా అని, అది అక్కడిదే. చిన్న సామాను కొనాలంటే ఆ బజారు. పాట విని కొనాలంటే మాత్రం విడిగా గదులున్న దుకాణాలకు వెళ్ళాలి. అక్కడివాళ్ళు పాటల యంత్రాల పిచ్చి ఉన్నవాళ్ళను ఏమంటారో తెలుసా? "ఫాషావ్‌యో". అంటే జ్వరం పట్టిన మిత్రులు! ఆ మాట విన్నాక మావారి నుదుటి మీద చెయ్యేసి చూశాను. వేడిగానే ఉంది.

దుకాణంలో అడుగుపెట్టగానే త్సాయ్ చిన్ అనే తైవాన్ గాయని పాట పెడతారు. నది రేవు మీద పాట అది. ముందు ఢమ్ ఢమ్ అని డప్పు గుండెల్లో కొడుతుంది, తరువాత ఆవిడ బొంగురు తీపి గొంతు. ఏ దుకాణానికి వెళ్ళినా అదే పాట! బాగానే ఉంటుంది, ఎందుకుండదు? దుకాణంవాడు పెట్టిన సీడీ, దుకాణంవాడి స్పీకర్లు, దుకాణంవాడి గది. పెళ్ళిచూపుల్లో పెట్టిన పకోడీ తిని పిల్ల వంట తేల్చేసినట్టే. అందుకని మొదటిసారి చూసొచ్చాక, రెండోసారి మన సీడీలే ఒక సంచిలో వేసుకుని వెళ్ళాను. మీరూ ఎక్కడ కొన్నా ఆ పనే చేయండి.

ఏమేం పట్టుకెళ్ళానంటే, చిట్టిబాబుగారి వీణ ఒకటి. తీగ మీటాక ఆ మోత సన్నగా సాగి సాగి ఎక్కడ ఆగుతుందో వినాలి. యంత్రంలో బుస్సుమనే రొద ఉంటే ఆ తోక మధ్యలోనే తెగిపోతుంది. షేక్ చినమౌలానాగారి నాదస్వరం ఒకటి. ఇది కఠిన పరీక్ష. పై స్థాయిలో చెవిలో సూది గుచ్చినట్టుంటే ఆ పెట్టె వద్దు. రోజుకు ఆరేడు గంటలు వినే మనిషికి తలనొప్పి వచ్చేస్తుంది. బాలమురళిగారి కచేరీ ఒకటి, తంబురా కోసం. గొంతు వెనకాల తంబురా నాలుగు తీగలూ నాలుగుగా వినబడాలి. ఇక ఘంటసాలగారిది. ఇక్కడ ఒక్కమాట. ఘంటసాలగారు పోయింది 1974లో, సీడీ పుట్టింది 1982లో. కాబట్టి ఆయన సీడీలన్నీ పాత టేపుల నుంచి ఎక్కించినవే. మీరు లక్ష పోసి యంత్రం కొన్నా టేపులో లేని స్వరం అందులోంచి రాదు. పైగా అంతకు ముందు వినబడని టేపు రొద స్పష్టంగా వినబడుతుంది! పాత సినిమా పాటలు తప్ప ఇంకేమీ వినని ఇంటికి ఇంత ఖరీదు పెట్టె అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొనుక్కోండి, తేడా పది మందికీ తెలుస్తుంది.

ఆ చలికాలంలో అత్తయ్యగారు రెండు నెలలుండటానికి మా దగ్గరికి వచ్చారు. సరే, ఆవిడనే తీసుకెళ్ళాం. పెద్దావిడను చూసి దుకాణంవాడు కుర్చీ వేసి, వేడి నీళ్ళిచ్చి, చాలా మర్యాద చేశాడు. నాలుగు యంత్రాలు వరుసగా పెట్టాడు. ఐదు వేల యువాన్ల నుంచి పద్నాలుగు వేల దాకా. అప్పట్లో యువాను సుమారు పది రూపాయలు. లెక్క మీకే తెలుస్తుంది. నిజానికి ఇలాంటి వాటిని కళ్ళకు గంతలు కట్టుకుని వినాలని జ్వరం మిత్రులే చెబుతారు, ఖరీదు చూస్తే చెవి మోసపోతుందని. "నాకా ఖర్చు లేదు కదే" అని అత్తయ్యగారే నవ్వారు.

మావారి మనసంతా నాలుగోదాని మీద ఉంది. దాని నెత్తిన నాలుగు గాజు వాల్వులు నారింజరంగులో వెలుగుతున్నాయి, ముందు నీలం దీపాలు. ఇది చైనావాళ్ళ ప్రత్యేకత. షాన్‌లింగ్‌వాళ్ళ సీడీ-టీ100 అనే యంత్రం ఇలాంటి వాల్వులతో, నీలం వెలుగులతో వచ్చి ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. తక్కిన దేశాలు చాలావరకు వాల్వులు తయారుచేయడం మానేసినా చైనా మానలేదు. హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షాలో షుగ్వాంగ్ ఫ్యాక్టరీ 1958 నాటిది. మన చిన్నప్పటి వాల్వు రేడియో గుర్తుందా, వెనక అట్టలోంచి ఎర్రటి వెలుగు, వేడెక్కాక గానీ పలికేది కాదు? అదే సంగతి. అయితే సీడీ ప్లేయర్‌లో వాల్వు పని చేసేది చివరి అంచెలో మాత్రమే. బిళ్ళ చదివేది లేజరే, అంకెల్ని మార్చేది చిప్పే. ఆఖర్న తాలింపు పెట్టినట్టు వాల్వు. తాలింపు బాగుంటే సంతోషమే గానీ, పప్పు ఉడకకపోతే తాలింపు ఏం చేస్తుంది చెప్పండి?

మొదటిసారి వినిపించినప్పుడు అత్తయ్యగారు కూడా నాలుగోదే బాగుందన్నారు. మావారి ముఖం వెలిగిపోయింది. కానీ నాకు అది కాస్త గట్టిగా వినబడుతోందని అనుమానం. సీడీ ప్లేయర్ల నుంచి వచ్చే సిగ్నలు మామూలుగా 2 వోల్టులుంటుంది. కొన్నింటిలో, అందులోనూ కొన్ని వాల్వు యంత్రాల్లో, అంతకన్నా ఎక్కువ ఉంచుతారు. అందువల్ల నాబు ఒకే చోట ఉన్నా అది పెద్దగా పాడుతుంది. పెద్దగా పాడింది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. హోటల్ సాంబారులో బెల్లం ఎక్కువ వేసినట్టు. "అన్నీ సమానంగా చేసి వినిపించండి" అని పట్టుబట్టాను. మావారు ఫోన్లో శబ్దం కొలిచే యాప్ పెట్టి, నాలుగింటికీ నాబు సరిచేశారు. దుకాణంవాడి మొహం కొంచెం మారింది.

సమానం చేశాక కథ మారిపోయింది. "మొదటిది నాదస్వరం దగ్గర కీచుమంటోంది. రెండోదీ మూడోదీ ఒకటే కదే, ఎందుకు మార్చి మార్చి పెడుతున్నారు?" అన్నారు అత్తయ్యగారు. ఆ రెండింటికీ ధరలో తేడా నాలుగు వేల యువాన్లు! నాలుగోది వింటూ, "ఇది మెత్తగా ఉంది. కానీ వీణ తీగ కూడా మెత్తబడిపోయింది. తీగ తీగలాగే ఉండాలి" అన్నారు. చిన్నప్పుడు ఆవిడ ఏడేళ్ళు వీణ నేర్చుకున్నారు. ఆ చెవికి ఎదురు చెప్పడం ఎవరి తరం? మెత్తని శబ్దం ఇష్టమైనవాళ్ళకు వాల్వు నచ్చుతుంది, తప్పేమీ లేదు. అది రుచి సంగతి.

ఇక నేను ఎదురుచూస్తున్న పరీక్ష వేరే ఉంది. మామయ్యగారు పౌరాణిక నాటకాల పద్యాలు బ్రహ్మాండంగా పాడేవారు. 2002లో ఇంట్లో కూర్చుని పాడుతుంటే మా మరిది కంప్యూటర్లో రికార్డు చేసి, ఖాళీ సీడీ మీద ఎక్కించి పెట్టాడు. 2006లో ఆయన పోయారు. ఆ ఒక్క బిళ్ళకే అత్తయ్యగారు దారం ముడి వేయలేదు. అది ఎప్పుడూ తలగడ పక్కనే ఉంటుంది. (దానిలోని పాటలు ముందే కంప్యూటర్లో రెండు చోట్ల దాచాం లెండి. మీ ఇంట్లో అలాంటి బిళ్ళ ఏదైనా ఉంటే ఈ వారమే ఆ పని చేయండి.) కాపీ ఉంటే మాత్రమేం, తన చేత్తో ఆ బిళ్ళ పెట్టుకుని వినడమే ఆవిడకు కావలసింది.

ఇంట్లో ఎక్కించిన బిళ్ళ, కంపెనీ బిళ్ళ ఒకటి కావు. కంపెనీ బిళ్ళలో నిజంగా గుంటలుంటాయి, మీద అల్యూమినియం పూత. ఇంటి బిళ్ళలో ఉండేది రంగు పొర, దాని మీద లేజర్‌తో మచ్చలు పెడతారు. ఎండకీ వేడికీ ఆ రంగు ఏళ్ళ తరబడి మారిపోతుంది. దాంతో లేజర్‌కి తిరిగొచ్చే వెలుగు అంత స్పష్టంగా ఉండదు. చెరిపి మళ్ళీ రాసుకునే రకం బిళ్ళలైతే వెలుగు ఇంకా తక్కువ తిరిగొస్తుంది, కొన్ని పాత యంత్రాలు వాటిని అసలు ముట్టుకోవు.

మామయ్యగారి బిళ్ళ నాలుగింటిలోనూ వేయించాను. నారింజ వాల్వుల మహారాజు ఇరవై సెకన్లు గిరగిరా తిప్పి, "నో డిస్క్" అని రాసి చేతులు కట్టుకున్నాడు. మళ్ళీ వేశాం, మళ్ళీ అంతే. మొదటిది చదివింది గానీ మూడో పద్యం దగ్గర గెంతింది. రెండోది నెమ్మదిగా మొదలుపెట్టి మొత్తం పాడింది. మూడోదీ పాడింది. మామయ్యగారి గొంతు ఆ పరాయి దేశపు దుకాణంలో రాగం తీస్తుంటే అత్తయ్యగారు కుర్చీ చేతుల మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నారు. దుకాణంవాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అయిపోయేదాకా ఇంకెవరినీ లోపలికి రానివ్వలేదు. మావారు తరువాత నాలుగోదాని ఊసెత్తలేదు.

రెండోదానికీ మూడోదానికీ మధ్య తేల్చింది చెవి కాదు, వేళ్ళు. మూడోదానికి ముందంతా నున్నటి గాజు. వేలు తాకిస్తే పనిచేసే రకం. కంటికి ఎంత అందం! చూపులేని మనిషికి అది గోడతో సమానం. రెండోదానికి నొక్కితే టిక్కుమనే బొత్తాలు, పైన తెరుచుకునే మూత. ట్రే ఉన్న యంత్రాల్లో బిళ్ళ సరిగ్గా కూర్చుందో లేదో తెలియకముందే అది లోపలికి లాక్కుంటుంది. పై మూత రకంలో అయితే మధ్య ఇరుసు వేలికి తగులుతుంది, బిళ్ళ అందులో దిగి కూర్చోవడం చేతికి తెలుస్తుంది. మీద చిన్న అయస్కాంతం బిళ్ళ పెట్టాలి, అదొక్కటే బాధ, ఎక్కడైనా దొర్లిపోతుందని. అత్తయ్యగారు దానికి ఊలుదారం కట్టి పెట్టె కాలికి ముడేశారు. ఇంకో లోపం, మూత తీసిన ప్రతిసారీ లేజర్ కన్ను మీద దుమ్ము పడుతుంది. అందుకని వాడిన వెంటనే మూత వేసేయాలి. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం ఏ యంత్రం కొన్నా, కళ్ళు మూసుకుని మీరే ఒకసారి నడిపి చూడండి. మిక్సీ అయినా అంతే.

ఏ కంపెనీదో రాయడం లేదు, ప్రకటన చేసినట్టుంటుంది. పైగా ఆ మోడలు ఇప్పుడు రావడం లేదు. ఈ రోజుల్లో కూడా చైనావాళ్ళు కొత్తవి చేస్తూనే ఉన్నారు. షాన్‌లింగ్‌వాళ్ళవి పై మూత రకాలున్నాయి. గ్వాంగ్జౌకి చెందిన ఫియో కంపెనీ 2024లో చేతిలో పట్టుకునే చిన్న సీడీ ప్లేయర్ కూడా తెచ్చింది. పిల్లలు మళ్ళీ సీడీలు కొంటున్నారట, చూశారా!

బరువు సంగతి అడుగుతారేమో. దుకాణాల్లో "ఎత్తి చూడండి, పన్నెండు కిలోలు" అంటారు. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే బరువుండటం మంచిదే. కానీ ముందు పలకే అంగుళం మందం అల్యూమినియంతో చేసి బరువు తెప్పించడమూ ఉంది. వీలైతే మూత విప్పిన ఫొటో చూపించమనండి. సగం పెట్టె ఖాళీగా ఉంటే మీకే తెలిసిపోతుంది. అంచుల మీద వేలు రాయండి, గీసుకోకూడదు. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దంలో చెవి దగ్గర పెట్టి వినండి, లోపల మోటారు గరగరమనకూడదు. ఆ మోత కొత్తలోనే ఉంటే ఏడాదికి పిండిమర అవుతుంది.

కరెంటు మాత్రం జాగ్రత్త! చైనాలో ఇంటి కరెంటు 220 వోల్టులు, మనది 230. ఈ తేడా మామూలు యంత్రాలకు లెక్కలోది కాదు. కానీ రాత్రిపూట మన వీధుల్లో 250 దాటడమూ ఉంది. వాల్వులున్నవాటికి అది ఆయువు తగ్గిస్తుంది. ఒక మంచి స్టెబిలైజర్ పెట్టండి. అమెరికా నుంచి తెచ్చేవాళ్ళు వెనక చూడకుండా ప్లగ్గు పెట్టొద్దు. 110 వోల్టులది అయితే క్షణంలో పొగే. మాకు తెలిసిన ఒకరింట్లో వంద డాలర్ల సుఖం అలా కాలిపోయింది.

ఇంకా మన ఇళ్ళలో బల్లులు! వెచ్చగా ఉండే పెట్టె కనబడితే వెనక చిల్లుల్లోంచి దూరి కాపురం పెడతాయి. పనిలేనప్పుడు పలచటి నూలు గుడ్డ కప్పండి, ఆన్ చేసే ముందు తీసేయండి. వంటింటి గోడకు ఆనించి పెట్టకండి. తాలింపు పొగ నూనె జిడ్డై లేజర్ కన్ను మీద పేరుకుంటుంది. కాకినాడలాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి ఒకటి. వెనక వైర్లు గుచ్చే చోట్లు నల్లబడతాయి, ఆరు నెలలకోసారి తీసి, పొడిగుడ్డతో తుడిచి పెట్టుకోవాలి.

సీడీ తుడవడం కూడా చాలామంది చక్రంలా గుండ్రంగా రుద్దుతారు. అలా వద్దు. మధ్య నుంచి అంచుకి, పువ్వు రేకులు గీసినట్టు తిన్నగా తుడవాలి. గుండ్రంగా గీత పడితే లేజర్ నడిచే దారిలోనే పడుతుంది. అడ్డంగా పడితే యంత్రం సర్దుకుంటుంది. ఇంకో సంగతి తెలుసా? మనమంతా మెరిసే వైపే నాజూకు అనుకుంటాం. నిజానికి బొమ్మ ఉన్న వైపే నాజూకు. పాట ఉన్న పూత ఆ బొమ్మకు సరిగ్గా కిందే ఉంటుంది. మెరిసే వైపు మిల్లీమీటరు పైన మందం ప్లాస్టిక్ కాపలా ఉంది. కాబట్టి బొమ్మ వైపు బాల్ పెన్నుతో పేర్లు రాయడం, స్టిక్కర్లు అంటించి పీకడం చేయకండి. బొత్తిగా పాడైపోయినవి పారేయొద్దు. మా అమ్మగారి ఊళ్ళో జామచెట్టుకి వేలాడదీశారు, చిలకలు రావడం లేదట!

చివరగా, ఇందాక మళ్ళీ వస్తానన్న కన్ను సంగతి. కొనేముందు దుకాణంవాణ్ణి మొట్టమొదట అడగవలసింది "దీనిలో లేజర్ ఏది?" అని. సోనీ కె.ఎస్.ఎస్.-213, సాన్యో హెచ్.డి.-850 లాంటివి ఎన్నో యంత్రాల్లో వాడినవి. కాబట్టి విడిగా దొరుకుతాయి, నకళ్ళూ దొరుకుతాయి. తమకు మాత్రమే ప్రత్యేకమైన లేజర్ అని గొప్పలు చెప్పే యంత్రం కొన్నారో, ఆ కంపెనీ మానేసిన రోజున మీ పెట్టె పాటల పెట్టె కాదు, అటకమీది పెట్టె. మంచి పేరున్న ఒప్పో డిజిటల్‌వాళ్ళే 2018లో ప్లేయర్ల తయారీకి స్వస్తి చెప్పారు. మాది సోనీ రకం అని తేలాక, హువాచ్యాంగ్‌పేయ్‌లో తిరిగి రెండు లేజర్లు విడిగా కొన్నాను. యంత్రానికి పదకొండు వేల యువాన్లయితే, ఈ రెండింటికీ కలిపి ఒక మాదిరి సిల్కు చున్నీ ఖర్చు కూడా కాలేదు.

ఎనిమిదేళ్ళు ఏ పేచీ లేకుండా పాడి, 2025 వేసవిలో మళ్ళీ నత్తి మొదలైంది. కాకినాడలో ఒక పెద్ద దుకాణంవాళ్ళు చూసి, "ఇది చైనాదండీ, పార్టులుండవు, కొత్తది కొనుక్కోండి" అని పంపించేశారు. వెనక వీధిలో రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గరికి దాచిన లేజర్ ఒకటి పట్టుకెళ్ళాం. గంటలో బిగించాడు. బిగించినా పాడలేదు. అత్తయ్యగారి ముఖం చిన్నబోయింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, దాన్ని మళ్ళీ ఊడదీసి, ఆకుపచ్చ పలక మీద ఆవగింజంత సీసం చుక్కను సోల్డరింగ్ కడ్డీతో తీసేశాడు. కొత్త లేజర్లు దారిలో పాడుకాకుండా ఫ్యాక్టరీవాళ్ళే ఆ చుక్క పెట్టి పంపుతారట, అది తీస్తేగానీ పనిచేయదు. మీరు ఎప్పుడైనా వేయిస్తే మెకానిక్‌కి ఈ చుక్క సంగతి గుర్తుచేయండి. మూడు వందలు తీసుకున్నాడు. అత్తయ్యగారు అక్కడే, ఆ బల్ల మీదే, మామయ్యగారి బిళ్ళ వేయించి రెండు పద్యాలు విన్నాకే లేచారు. రెండో లేజర్ ఇంకా స్టీలు డబ్బాలో, నాఫ్తలీన్ ఉండలకు దూరంగా, ఆవిడ బీరువాలో ఉంది.